మూడో రోకలి

పోయిన నెలలో మదనపల్లెలో మా క్రైస్తవుల గుడిలో కోతల పండుగ ఆరాధన జరిగింది. గుమ్మడికాయలు, టమోటా బుట్టలు, వేరుశనగ కట్టలు, ఎవరో తెచ్చి కాళ్లు కట్టేసిన రెండు కోడిపెట్టలు. వీటన్నిటి మధ్య చోటు చేసుకుని బడిపిల్లలు నలభై మంది పాట పాడడానికి నిలబడ్డారు. వాళ్లను పాడించే అమ్మాయికి ఇరవై, ఇరవై రెండేళ్లుంటాయి. టీచరు ట్రైనింగులో ఉందని, పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి బడికి వచ్చిందని పక్కనున్నావిడ చెప్పింది. నాకు ఈ మధ్య చెవులు కొంచెం మందగించాయి. కళ్లు మాత్రం ఆపరేషను అయ్యాక మునుపటికన్నా బాగున్నాయి. అందుకని పాట సంగతి దేవుడికి వదిలేసి నేను చూస్తూ కూర్చున్నాను. ఆ అమ్మాయి చేతిలో ఏమీ పట్టుకోలేదు. ఒకటి, రెండు అని లెక్క పెట్టలేదు. పిల్లలందరినీ ఒకసారి చూసి, భుజాలు కొంచెం పైకి లేపి, నోరు తెరిచి నిండుగా ఊపిరి పీల్చింది. నలభై మంది పిల్లలూ ఆమెతోపాటే పీల్చారు. పాట ఒక్క గొంతుగా లేచింది. నాకు తెలియకుండానే నేనూ పీల్చాను. ఎంత గట్టిగా పీల్చానంటే పక్కనున్నావిడ "ఏమైందవ్వా, ఆయాసమా?" అని నా వీపు నిమరడం మొదలుపెట్టింది.

ఆయాసం కాదు. ఆ భుజాలు లేపడం నాకు బాగా తెలుసు. అది ఎక్కడ పుట్టిందో కూడా తెలుసు. ఆరాధన అయ్యాక జనాన్ని తోసుకుంటూ పోయి ఆ అమ్మాయిని పట్టుకుని, నీకు ఇది ఎవరు నేర్పారని అడిగాను. ఆమె చెప్పిన జవాబు కోసం మీరు కాస్త ఓపిక పట్టాలి. ముందు దంపుళ్ల కొట్టం గురించి చెప్పకపోతే ఆ జవాబుకు రుచి ఉండదు.

అవి యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు పెళ్లై మూడేళ్లయింది. మా అత్త, మా తోడికోడలు, నేను, ముగ్గురం మిషన్ ఆడపిల్లల బడిలో బోర్డింగుకు వడ్లు దంచే పనిలో ఉండేవాళ్లం. ఎనభై మంది ఆడపిల్లలు. పగలు రాగిసంగటి, సాయంత్రం అన్నం. ఆ అన్నానికి కావలసిన బియ్యమంతా మా ముగ్గురి చేతుల మీదే రావాలి. కొట్టానికీ పాటల గదికీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకు పిల్లల ముఖాలు కనబడే చువ్వల కిటికీ. పాట సాగుతున్నప్పుడు దంపు చప్పుడు వినిపించకూడదని పెద్ద టీచరమ్మ ఆజ్ఞ. అందుకని పాటల పీరియడులో చెరుగుడు, మిగతా పీరియడుల్లో దంపుడు అని మా అత్త మాకొక టైంటేబులు వేసింది. చేటతో చెరుగుతూ మూడేళ్లు విన్నాను. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. కానీ బడిలో పాడే ప్రతి పాటా వచ్చు. పై గొంతు ఎక్కడికి పోతుందో, కింది గొంతు ఎక్కడ దానికి ఎదురొస్తుందో వచ్చు. తప్పు పాడింది ముందు వరస పిల్లలో వెనక వరస పిల్లలో చేట దించకుండా చెప్పగలిగేదాన్ని. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

దంపుడు చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఒకే రోట్లో ముగ్గురు మనుషులు మూడు రోకళ్లతో దంచుతారు. ఒకటి పడి లేచేలోగా రెండోది, అది లేచేలోగా మూడోది. ఎవరూ లెక్క పెట్టరు. మొదటి పోటు వేసే మనిషి భుజాలు లేపి ఊపిరి పీలుస్తుంది. మిగతా ఇద్దరూ అది చూసి పీలుస్తారు. ఆ ఊపిరే కొలత. రోకలి వంక చూశారా, పని చెడినట్టే. రోకలీ రోకలీ కొట్టుకుని మోచేతుల దాకా జల్లుమంటుంది. మా అత్తది మొదటి రోకలి. నాది రెండోది. ఆ ఏడు మా తోడికోడలు పురిటికి చౌడేపల్లె పుట్టింటికి పోవడంతో మూడో రోకలి గోడకు ఆనుకుని ఖాళీగా ఉండింది.

అప్పుడు వచ్చింది కుప్పం అమ్మాయి. ట్రైనింగులో రెండో ఏడు. బక్కపలచని మనిషి, జడ ఒక్కటే బరువు. వాళ్ల నాయన కుప్పంలో రైలు పట్టాల గ్యాంగులో కూలీ. వాళ్ల వీధిలో బడికి పోయిన మొదటి మనిషి ఈ అమ్మాయే. మిడిల్ స్కూలు పిల్లలు నలభై మందిని ఆరు వారాలపాటు ఆమె చేతికి అప్పగించారు. వాళ్లచేత కోతల కాలం స్తుతిపాట రెండు గొంతులతో పాడించి ఇన్‌స్పెక్టరమ్మకు వినిపించాలి. నేర్పవలసిన గురువు పెద్ద టీచరమ్మ. ఆవిడ పాటలో దిట్ట, అందులో అనుమానం లేదు. అయితే ఆవిడ నేర్పడమంటే గది వెనక కుర్చీ వేసుకుని, ఒక నోటుబుక్కులో తప్పులు రాసుకోవడం. పాఠం అయ్యాక ఆ తప్పులు చదివి వినిపించేది. రోజూ రెండు పేజీలకు తక్కువ ఉండేవి కావు.

ఆ అమ్మాయి పాడితే మేము చేట ఆపి వినేవాళ్లం. అంత గొంతు. పాడించడం మొదలుపెడితే మాత్రం ఏదో అయిపోయేది. గోడకు స్వరాల పటం వేలాడేది. అమ్మాయి బెత్తం పైకెత్తి "ఒకటి, రెండు, మూడు" అనేది. ముందు వరస బయల్దేరి ఊరు దాటాక వెనక వరస బండెక్కినట్టు ఉండేది ఆ పాట. నాలుగో వారంలో ఇన్‌స్పెక్టరమ్మ చెప్పకుండా వచ్చి విన్నది. వింటూ కుర్చీలో అటూ ఇటూ కదిలింది. పోతూ పెద్ద టీచరమ్మతో అన్న మాట కిటికీ దగ్గరున్న మాకు కూడా వినిపించింది. "ఈ పిల్ల పాడుతుంది. పాడించలేదు." ఇంకో రెండు వారాల్లో పుంగనూరులో మూడు ఊళ్ల బడుల పాటల సభ ఉంది. అక్కడ మళ్లీ వింటుంది. అక్కడా ఇదే వరసైతే సర్టిఫికెట్టు లేదు. ఇంటికి పోవలసిందే.

ఆ సాయంత్రం అమ్మాయి మా కొట్టం వెనక తవుడు మూటమీద కూర్చుని ఏడుస్తోంది. మా అత్త కొంగుతో తల తుడుచుకుంటూ చూసింది.

"ఏం టీచరమ్మా, మా తవుడంతా తడుపుతా ఉండావే. ఆవుకి ఉప్పు తవుడు పడదు."

"ఊరుకో అత్తా," అని నేను పక్కన కూర్చున్నాను. "ఏమిటికి ఏడస్తావు అమ్మణ్ణీ?"

"నేను లెక్క సరిగ్గానే పెడతాండాను అక్కా. వాళ్లు యాల కలిసి రారో తెలీలా. మా నాయన ఊరంతా సెప్పేసినాడు, మా పాప టీచరైతాదని. ఏం మొహం పెట్టుకోని పోయేది?"

"నువ్వు బెత్తం ఎత్తితానే పిల్లోళ్ల చేతులు యాడికి పోతాయో సూసినావా?"

"లేదక్కా. నేను పటం సూస్తా ఉంటాను."

"పావడా మడతల్లోకి పోతాయి. ఊపిరి బిగబట్టుకుంటారు. దెబ్బ తప్పిందని తెలిసినాక గదా నోరు తెరిసేది!"

ఏడుపు ఆపి నా వంక చూసింది. బడి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క బెత్తమే. లెక్కల టీచరు కొట్టడం అయ్యాక ఒక పిల్ల దాన్ని చరిత్ర టీచరుకు ఇచ్చి వచ్చేది. చరిత్ర అయ్యాక అది పాటల గదికి వచ్చేది. అక్కడ పటం చూపించడానికే. కానీ అరచేతులకు ఆ తేడా ఏం తెలుస్తుంది? ధైర్యమున్న పిల్లలు ముందే మొదలుపెట్టేవాళ్లు. పిరికివాళ్లు ఆగి చూసి మొదలుపెట్టేవాళ్లు. మూడేళ్లుగా చువ్వల సందుల్లోంచి నేను చూస్తున్నది అదే. పెద్ద టీచరమ్మ కూర్చునేది పిల్లల వెనక కాబట్టి ఆవిడకు వీపులు మాత్రమే కనపడేవి.

మర్నాడు అమ్మాయి బెత్తం బల్లమీద పెట్టేసి చేతులు ఊపింది. భయం పోయింది గానీ కలయిక రాలేదు. ఏ ఊపు మొదలో ఏది చివరో పిల్లలకు అర్థం కాలేదు. సాయంత్రం మళ్లీ వచ్చింది. ఈసారి ఏడవలేదు. "ఇంకేం కనపడింది సెప్పక్కా," అని అడిగింది. నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. గోడకు ఆనించిన మూడో రోకలి తీసి ఆమె చేతికిచ్చాను.

మా అత్త నోరు తెరిచింది. "టీచరమ్మకు రోకలా? రేపు మనల్ని పోయి పాఠం సెప్పమంటారేమో!"

మొదటి రోజు ఆమె రోకలి వడ్లమీద పడిందాని కంటే నా రోకలిమీద పడిందే ఎక్కువ. రెండో రోజు రోటి అంచుకు తగిలి వడ్లు కొట్టమంతా చిమ్మాయి. "ఏమమ్మే, దంచేదానికి వస్తివా, ఇత్తేదానికి వస్తివా?" అని మా అత్త కోళ్లను తోలడానికి లేచింది. అమ్మాయి పెదాలు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్క పెట్టుకుంటోంది. "లెక్క మానెయ్. రోకలి సూడద్దు. మా అత్త భుజం సూడు. ఆమె పీలిస్తే నువ్వూ పీల్చు. చేతుల సంగతి అవే సూసుకుంటాయి," అన్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆముదం రాసి గుడ్డ చుట్టాను. ఆ గుడ్డలతోనే మూడో రోజు వచ్చింది.

నాలుగో రోజు సాయంత్రం మాటల్లేకుండా దంచుతున్నాం. ఎప్పుడు కుదిరిందో తెలియదు. మూడు రోకళ్లూ ఒకదాని వెనక ఒకటి, నూనె పూసినట్టు పడుతున్నాయి. మా అత్త భుజం లేవడం, మా ఇద్దరి రొమ్ములూ నిండడం, పోటు పడడం. చాలాసేపటికి అమ్మాయి చప్పున ఆగిపోయింది. ఆమె ఆగగానే మా ఇద్దరి రోకళ్లూ టక్కున కొట్టుకున్నాయి. ఆమె మాత్రం చెమటతో తడిసిన ముఖంతో నవ్వుతోంది. "అక్కా! మొదలయ్యేది పోటు కాదు. పోటుకు ముందరే మొదలయిపోతాది!" అంది. మా అత్త మోచెయ్యి రుద్దుకుంటూ, "అది తెలిసేదానికి నా చెయ్యి ఇరగాల్నా?" అంది.

మర్నాడు పాటల పీరియడంతా ఆ అమ్మాయి పాట పాడించలేదు. ఊపిరి పీల్చడం, ఆపడం, వదలడం, అంతే. నలభై మంది చేతా భుజాలు చూపించి పీల్పించింది. పెద్ద టీచరమ్మ నోటుబుక్కులో చాలాసేపు రాసింది. ఆ సాయంత్రం కొట్టం వాకిట్లో ఆవిడ చెప్పుల చప్పుడైంది. ముగ్గురం దంచుతూ దొరికిపోయాం.

"ఇది మిషన్ బడా, బియ్యం మిల్లా?" అంది ఆవిడ.

అమ్మాయి తల వంచుకుంది. మా అత్తాకోడళ్లిద్దరి పనీ పోతుందనుకున్నాను. మా అత్త మాత్రం రోకలి దించలేదు. "మిల్లయితే ఇంత మంచి బియ్యం యాడొస్తాదమ్మా మీకు?" అంది.

పెద్ద టీచరమ్మ నవ్వలేదు. అమ్మాయి చేతులకు చుట్టిన గుడ్డలు చూసింది. వచ్చిన దారినే వెళ్లిపోయింది. మర్నాడు పాఠంలో వెనక కుర్చీ వేసుకోలేదు. దాన్ని పక్కకు, పిల్లల ముఖాలు కనబడే చోటికి జరుపుకుంది. అమ్మాయి భుజాలు లేపింది. పాట ఒక్క దంపు పడినట్టు పడింది. కింది గొంతు పిల్లలు కూడా సమయానికి వచ్చారు. ఆవిడ పెన్ను మూత తియ్యనే లేదు. పీరియడు అయ్యాక కిటికీ దగ్గర ఆగి, నా వంక చూడకుండా బయట చెట్లను చూస్తూ, "ఇంకో నాలుగు రోజులు దంచనియ్యి," అని పోయింది.

పుంగనూరుకు బొగ్గు బస్సులో పోయాం. యుద్ధంలో పెట్రోలు లేక బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టి నడిపేవాళ్లు. మిట్ట వచ్చిందంటే అది నిట్టూర్చి ఆగిపోయేది. పిల్లలంతా దిగి తోసేవాళ్లు. వాంతులు చేసుకునే పిల్లలను చూసుకోవడానికి ఆయా కావాలని పెద్ద టీచరమ్మ నన్ను వెంట తీసుకుంది. ఆ పనికి వేరే ఆయా ఉందని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. మా అత్త రాలేదు. "నాకు బస్సు పడదు. భుజం మర్చిపోవద్దని సెప్పు," అని మాత్రం అంది.

సభ బడి ముందు పందిట్లో. ఇన్‌స్పెక్టరమ్మ ముందు వరసలో. కుప్పం బడి పిల్లలు వచ్చిన బస్సు టాపుమీద ఎక్కి ఆ అమ్మాయి వాళ్ల నాయన కూడా వచ్చాడు. ఒళ్లంతా బొగ్గుమసి. పందిట్లోకి రాకుండా కంచె అవతల నిలబడ్డాడు. కుప్పం పిల్లలు పాడారు. పుంగనూరు పిల్లలు పాడారు. తర్వాత మా వాళ్లు లేచారు. అప్పుడు ఆ ఊరి హెడ్మాస్టరు గారు గౌరవంగా ముందుకొచ్చి, పాడించేవాళ్ల కోసమని సభవాళ్లు తయారు చేయించిన కర్రను ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. సన్నని బెత్తమే, జరీ కాగితం చుట్టి, కొనకు కుచ్చు కట్టి ఉంది. ముందు పాడించిన ఇద్దరూ దాన్నే పట్టుకున్నారు.

నేను పందిరి పక్కన నీళ్ల కడవ దగ్గర ఉన్నాను. అమ్మాయి చేతిలో ఆ కర్ర తళుక్కుమనగానే మా పిల్లల చేతులు పావడా మడతల్లోకి పోయాయి. నలభై జతలు, ఒక్కసారిగా. జరీ చుట్టినా బెత్తం బెత్తమే. అమ్మాయి కూడా చూసింది. ఇప్పుడామె పటం చూడడం లేదు, పిల్లలనే చూస్తోంది. ఇచ్చిన గౌరవం తిప్పి ఇస్తే అంత పెద్ద మనిషికి అవమానం. పట్టుకుంటే సర్టిఫికెట్టు పోతుంది. ఒక్క నిమిషం అలాగే నిలబడింది. పందిట్లో దగ్గులు మొదలయ్యాయి. పెద్ద టీచరమ్మ కళ్లు మూసుకుంది.

అమ్మాయి కర్రను కళ్లకద్దుకుంది. హెడ్మాస్టరు గారికి దండం పెట్టింది. తర్వాత పిల్లలను వదిలి, అందరూ చూస్తుండగా, నేరుగా నీళ్ల కడవ దగ్గరికి నడిచొచ్చింది. "పట్టుకో అక్కా," అని ఆ కర్ర నా చేతిలో పెట్టింది. ఖాళీ చేతులతో వెనక్కి పోయి నిలబడింది. పావడా మడతల్లోంచి చేతులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అవన్నీ వచ్చేదాకా ఆగింది. భుజాలు లేపింది.

ఆ ఊపిరి చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నలభై మంది పిల్లలు, నేను, పెద్ద టీచరమ్మ, అందరం పీల్చాం. పాట పందిరి గుంజలను పట్టుకుని పైకి లేచింది. పై గొంతు పోతూ ఉంటే కింది గొంతు రెండో రోకలిలాగా, తొందర లేకుండా, ఆలస్యం లేకుండా దాని వెనకే పడింది. పాట అయిపోయాక ఇన్‌స్పెక్టరమ్మ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఇంకోసారి పాడండి," అంది. తప్పు పట్టడానికేమోనని భయపడ్డాం. రెండోసారి కూడా అయ్యాక ఆమె లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పందిరంతా లేచింది.

"ఇలా పాడించడం ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది.

"దంపుళ్ల కొట్టంలో, అమ్మా. మా అక్క నేర్పింది," అంది అమ్మాయి, నా వైపు చెయ్యి చూపించి. కుచ్చు కర్ర పట్టుకుని కడవ పక్కన నిలబడ్డ నన్ను ఇన్‌స్పెక్టరమ్మ పైనుంచి కిందికి చూసింది. నేను ఏం చెయ్యాలో తెలియక ఒక గ్లాసు మంచినీళ్లు ముంచి ఇచ్చాను. ఆమె తాగింది. పెద్ద టీచరమ్మ ముందుకొచ్చి గొంతు సవరించుకుని, "నిజమేనండీ. నేను వెనక కూర్చున్నాను, ఈమె ముందునుంచి చూసింది," అంది. ఆవిడ నోటుబుక్కులో రాసుకోకుండా చెప్పిన తప్పు నాకు తెలిసి అదొక్కటే.

వాళ్ల నాయన కంచె దగ్గరే ఉన్నాడు. కళ్ల కింద మసి రెండు చారలుగా కడుక్కుపోయింది. "మేం పట్టా జరిపేటప్పుడు మా మేస్త్రీ కూడా ఇట్లే పీలుస్తాడమ్మా," అన్నాడు నాతో. "నేను పాపకు అది సెప్పలా. పాటకు పనికొస్తాదని నాకేం తెలుసు? ఆ యమ్మి భుజం లేపితానే నేనూ ఈడ పీల్చేస్తి. గడ్డపార లేదు గానీ, ఉండింటే కంచె లేచిపోయిండును!"

సర్టిఫికెట్టు వచ్చింది. పోయే ముందు రోజు అమ్మాయి కొట్టం గోడమీద బొగ్గుతో నా పేరు రాసి, "నువ్వు నాకు నేర్పినావు, నేను నీకు ఇది నేర్పిపోతాను," అంది. "నాకేమిటికి అమ్మణ్ణీ, వడ్లు పేరు అడగవు," అని నవ్వాను. పండుగకు సున్నం కొట్టినప్పుడు ఆ పేరు పోయింది. అరవై దాటాక మనవరాలు నా చేత పలకమీద పేరు దిద్దించినప్పుడు, మొదటి అక్షరం వంపు ఎక్కడో చూసినట్టే అనిపించింది. ఆ కుచ్చు కర్రను ఎవరూ తిరిగి అడగలేదు. ఆరబోసిన వడ్ల దగ్గర కోళ్లను తోలడానికి మా అత్త దాన్ని చాలా ఏళ్లు వాడింది. కోళ్లు దానికి బాగానే భయపడేవి.

ఇక గుడి దగ్గర ఆ అమ్మాయి చెప్పిన జవాబు. "మా టీచరు నేర్పించిందవ్వా. ఆమె చిన్నప్పుడు కుప్పంలో సదువుకునింది. ఆడ ఒక ముసలి టీచరమ్మ ఉండేదంట. పాట నేర్పే ముందు పిల్లోళ్ల చేత రోకలి పట్టించేదంట! పాటకు రోకలి యాలో ఎవురికీ తెలీదు." అని నవ్వింది. నాకు తెలుసని చెప్పలేదు. ఆమె అరచేతులు తిప్పి చూశాను. మెత్తగా ఉన్నాయి, ఒక్క బొబ్బ లేదు. ఏమిటవ్వా అంటే, బాగా పాడించావమ్మా అన్నాను.

మిల్లు వచ్చాక ఆ కొట్టం పడగొట్టారు. రోలు ఎవరింటి మెట్టు అయిందో తెలియదు. మేము దంచిన బియ్యం ఏ పూటది ఆ పూటే తినేశారు. అక్కడ పీల్చిన ఊపిరిని మాత్రం ఇన్నేళ్లుగా ఎవరో ఒకరు పక్కవాళ్లకు అందిస్తూనే వచ్చారు, మొన్న అది తిరిగి తిరిగి నా దాకా వచ్చింది.